కుండ మీద పేరు ఎవరిది?

హన్మకొండలో చేతివృత్తుల మేళా పెట్టినప్పుడల్లా మేము వెళ్తుంటాం. వరంగల్ జంపఖానాలు, చేర్యాల బొమ్మలు, పెంబర్తి ఇత్తడి పని అన్నీ ఒకేచోట చూడొచ్చు. ఈ మధ్య ఆ దుకాణాల వరుసలో కొత్తవాళ్లు కూడా కనిపిస్తున్నారు. గ్లేజు వేసిన కప్పులు, గిన్నెలు అమ్మే సిరామిక్ కళాకారులు. లినోకట్, ఎచింగ్, స్క్రీన్ ప్రింట్ బొమ్మలు అమ్మే ప్రింట్‌మేకర్లు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చదివినవాళ్లు చాలామంది ఇప్పుడు గ్యాలరీల కోసం ఎదురుచూడకుండా నేరుగా జనం దగ్గరికి వస్తున్నారు. ఇది మంచి మార్పే.

కానీ అక్కడ నిలబడి కాసేపు గమనిస్తే ఒక విషయం అర్థమవుతుంది. గేటు బయట తోపుడు బండి మీద ఉన్న కుండను మనం బేరమాడి కొంటాం. గేటు లోపల, అదే మట్టి నుంచి వచ్చిన కప్పును అట్టముక్క మీద రాసిన ధరకే కొంటాం. బయట కుండ చేసినతని పేరు మనం అడగం, అతని కులం మాత్రం మనకు తెలుసు. లోపల కప్పు చేసినామె పేరు కప్పు అడుగున చెక్కి ఉంటుంది, ఆమె కులం గురించి ఎవరూ మాట్లాడరు. ఒకరు కళాకారులు, ఇంకొకరు వృత్తిదారు. ఆ మట్టి తవ్వి మోసినవాళ్లు కూలీలు. ఈ మూడు మాటల మధ్య ఉన్న దూరం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ దూరాన్ని దళిత కళాకారులు మట్టితోనే, అచ్చుతోనే ఎలా ప్రశ్నిస్తున్నారు? ఈ వ్యాసంలో వాటి గురించే మాట్లాడుకుందాం.

మట్టి ఎట్లా కుండ అవుతుంది

ముందు పని గురించి తెలుసుకుందాం. మన ఊళ్లలో కుమ్మరి చెరువు మట్టి తెస్తాడు. రాళ్లు, వేర్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కి పదును చేస్తాడు. సారె మీద పెట్టి తిప్పి ఆకారం తీస్తాడు. కొంచెం ఆరాక చెక్కతో కొట్టి కుండ గోడను పలచగా, గట్టిగా చేస్తాడు. నీడన ఆరబెట్టి, ఆవంలో పేర్చి, కట్టెలు, గడ్డి, పిడకలతో కాలుస్తాడు. ఆవంలో వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ వేడిలో మట్టి గట్టిపడుతుంది కానీ సన్నని రంధ్రాలు మిగిలే ఉంటాయి. వాటిలోంచి నీళ్లు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతాయి కాబట్టే కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. గాలి బాగా ఆడితే కుండ ఎర్రగా వస్తుంది. చివర్లో గాలి ఆడకుండా ఆవాన్ని కప్పేసి పొగ పట్టిస్తే నల్లగా వస్తుంది. ఇదంతా ఏ పుస్తకంలోనూ చదవకుండా తరతరాలు చేతితో, కంటితో నేర్చుకున్న రసాయన శాస్త్రం.

స్టూడియో కళాకారులు చేసే స్టోన్‌వేర్ దారి వేరు. దానికి వేరే రకం మట్టి కావాలి. గ్యాస్ కొలిమిలోనో కరెంటు కొలిమిలోనో 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. అంత వేడికి మట్టి కణాలు కరిగి అతుక్కుని రాయిలా అవుతాయి, నీళ్లు ఇంకవు. పైన పూసే గ్లేజు నిజానికి సన్నటి గాజు పొర. ఇసుకలో ఉండే సిలికా, అది కరగడానికి తోడయ్యే పదార్థాలు, రంగు కోసం ఇనుము, రాగి, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లు కలిపి దాన్ని తయారుచేస్తారు. కొలిమి కొనాలి, పెట్టుకోవడానికి స్థలం కావాలి, కరెంటు బిల్లు కట్టాలి, పగిలిపోయిన వాటి నష్టం భరించాలి. అందుకే ధర ఎక్కువ. అందుకే ఈ రంగంలోకి రావాలంటే చేతిలో నైపుణ్యం ఉంటే చాలదు, వెనక ఆస్తి కూడా ఉండాలి.

మన దేశంలో ఈ స్టూడియో పద్ధతి వ్యాపించడంలో పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పాత్ర పెద్దది. 2018లో జైపూర్‌లో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రియనాలే జరిగింది. ఆ తర్వాత సిరామిక్ అంటే వంటింటి సామాను అనే అభిప్రాయం కళా రంగంలో బాగా తగ్గింది. మట్టికి గౌరవం పెరిగింది. ఆ గౌరవం సారె తిప్పే కుమ్మరి దాకా ఎంత చేరిందన్నది వేరే ప్రశ్న. ఆతుకూరి మొల్ల రామాయణం రాసి అయిదు వందల ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఆమెను పరిచయం చేసేటప్పుడు కవయిత్రి అనే మాట కంటే ముందు కుమ్మరి మొల్ల అనే మాట వస్తుంది.

కుండకు అంటిన కులం

కుండ చేసిన కులానికి ఒక స్థానం ఇచ్చిన ఈ సమాజం, కుండను ముట్టుకోరాని కులాలను కూడా తయారుచేసింది. మట్టి పాత్రకు ఆ చరిత్ర ఉంది. దళితులకు ఇది బాగా తెలుసు.

పేష్వాల కాలపు పుణేలో అంటరానివాళ్లు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో మట్టి ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చేదని అంబేద్కర్ 1936లో ప్రచురించిన 'కుల నిర్మూలన'లో రాశారు. 1927 మార్చి 20న మహాద్‌లో ఆయన నాయకత్వంలో వేలమంది చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత అగ్రకులాల వాళ్లు చెరువును శుద్ధి చేశారు. ఎట్లా చేశారంటే, ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 మట్టి కుండలను మంత్రాలు చదువుతూ చెరువులో ముంచారు. మనిషి చెయ్యి తగిలితే మైలపడిన నీళ్లు పేడ కలిస్తే శుద్ధి అయ్యాయి! ఆ తంతుకు సాధనమైంది కూడా మట్టి కుండే.

మన దగ్గర చూద్దాం. 1985 జులైలో కారంచేడులో మాదిగల తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ గుర్తుందా? నీళ్లు పాడుచేయొద్దని అడ్డుకున్న సువార్తమ్మ తనను కొట్టబోయిన వాళ్ల మీదికి చేతిలోని బిందె ఎత్తింది. మరుసటి రోజు, జులై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక రెండు గ్లాసుల పద్ధతితో సహా అంటరానితనం ఎన్ని రూపాల్లో బతికుందో నమోదు చేసింది. 2022లో రాజస్థాన్ జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ల దళిత బాలుడు చనిపోయాడు. బడిలో నీళ్ల కుండ ముట్టుకున్నందుకు టీచరు కొట్టాడని కుటుంబం ఆరోపించింది.

కాబట్టి మేళాలో అందంగా పేర్చిన మట్టి గ్లాసులు చూసినప్పుడు మనకు ఒక్క అందమే కనిపించదు. హోటల్ బయట చూరుకు దోపిన గ్లాసు కూడా గుర్తొస్తుంది. ఈ జ్ఞాపకాన్ని పక్కన పెట్టి మట్టి కళ గురించి మాట్లాడటం మాకు సాధ్యం కాదు.

మట్టితో జవాబు చెప్పినవాళ్లు

ఈ జ్ఞాపకాన్నే పనిముట్టుగా చేసుకున్న కళాకారులు ఉన్నారు. మహారాష్ట్ర కొల్హాపూర్ ప్రాంతం నుంచి వచ్చిన ప్రభాకర్ కాంబ్లే 'ఉతరండ్' పేరుతో ఒక వరుస శిల్పాలు చేశాడు. ఉతరండ్ అంటే మరాఠీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండల దొంతర. పెద్దది కింద, చిన్నది పైన. మన పెళ్లిళ్లలో కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండలను చూసినవాళ్లకు ఆ రూపం కొత్తేమీ కాదు. కాంబ్లే ఆ దొంతరను కుల వ్యవస్థకు గుర్తుగా మార్చాడు. పై కుండ ఎంత అందంగా కనిపించినా, బరువంతా కింది కుండ మీదే. అంబేద్కర్ చెప్పిన అంతస్తుల అసమానతను ఇంతకంటే సులువుగా అర్థం చేయించే బొమ్మ మేము చూడలేదు. 2022లో బెర్లిన్ బినాలేలో కాంబ్లే పని ప్రదర్శించారు.

పుణేకు చెందిన రాజ్యశ్రీ గూడీ సిరామిక్‌తో పనిచేస్తుంది. దళిత రచయితల ఆత్మకథల్లో తిండి గురించి, ఆకలి గురించి ఉన్న ఘట్టాలను తీసుకుని వాటిని వంట పద్ధతుల రూపంలో తిరగరాసింది. దళితుల తిండిని వంటల పుస్తకాలు ఏనాడూ పట్టించుకోలేదు కాబట్టి, ఆ పుస్తకాల రూపాన్నే ఆమె వాడుకుంది. మహాద్ శుద్ధి తంతును గుర్తుచేస్తూ గ్లాసుల వరుసతో ఆమె చేసిన పని పేరు 'వాట్ ఈజ్ ద కాస్ట్ ఆఫ్ వాటర్'. నీటి కులం ఏమిటి అని అడిగే ఆ ప్రశ్నకు వివరణ అక్కర్లేదు.

వీళ్లిద్దరి పనిలో ఒక సామ్యం ఉంది. మట్టిని, పాత్రను, తిండిని వీళ్లు అలంకారం కోసం వాడలేదు. ఏ వస్తువుల ద్వారా అవమానం జరిగిందో ఆ వస్తువులనే సాక్ష్యంగా తెచ్చి నిలబెట్టారు.

అచ్చు ఎందుకు మనది

ఇప్పుడు ప్రింట్ల సంగతి. మేళాలో చాలామంది ప్రింట్ చూసి, ఇది జిరాక్సా, కంప్యూటర్లో తీసిందా అని అడుగుతుంటారు. రెండూ కాదు. ప్రింట్‌మేకింగ్ అంటే కళాకారులు తమ చేత్తో అచ్చు తయారుచేసి, దానికి సిరా పూసి, కాగితం మీద ఒక్కొక్క ప్రతిగా తీయడం.

చెక్క మీదనో లినోలియం షీటు మీదనో గీసి, అక్కర్లేని భాగం చెక్కేసి, మిగిలిన ఎత్తైన భాగానికి సిరా పూసి అద్దితే అది ఉడ్‌కట్ లేదా లినోకట్. రాగి లేదా జింకు రేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీతలున్న చోట లోహం కరిగి గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పెట్టి ప్రెస్ కింద నొక్కితే అది ఎచింగ్. నున్నటి సున్నపు రాయి మీద జిడ్డు సిరాతో గీసి, నూనె, నీరు కలవవనే సూత్రంతో తీసేది లితోగ్రాఫ్. సన్నటి గుడ్డ జాలి గుండా సిరాను నెట్టి తీసేది స్క్రీన్ ప్రింట్. మన పెళ్లి కార్డులకు, జెండాలకు, బ్యానర్లకు ఏళ్ల తరబడి వాడింది ఈ స్క్రీన్ పద్ధతినే.

ప్రింటు కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంటే, మొత్తం 25 ప్రతుల్లో ఇది ఏడోదని అర్థం. పక్కన కళాకారుడి సంతకం ఉంటుంది. ఒకే చిత్రం పాతిక ఇళ్లకు చేరుతుంది కాబట్టి ధర తక్కువ. నూనె రంగుల చిత్రం ఒక్క సంపన్నుడి గోడకే పరిమితమైతే, ప్రింటు టీచరు ఇంటికీ, హాస్టల్ గదికీ, సంఘం ఆఫీసుకూ పోగలదు. అందుకే పీడిత జాతులు దీన్ని తమదిగా చేసుకున్నాయి. అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టడం వెనక ఉన్న తర్కమూ ఇదే. అచ్చు మన మాటను మనం లేని చోటికి తీసుకుపోతుంది.

అమెరికాలో బానిసల మనవరాలు ఎలిజబెత్ కాట్లెట్ 1946లో మెక్సికో వెళ్లి అక్కడి ప్రజా ముద్రణశాలలో చేరింది. నల్లజాతి స్త్రీల శ్రమ మీద లినోకట్ల వరుస చేసింది. కౌలు రైతు స్త్రీని చూపే ఆమె 'షేర్‌క్రాపర్' ఇవాళ ప్రపంచంలో బాగా తెలిసిన ప్రింట్లలో ఒకటి. బ్లాక్ పాంథర్ పార్టీ పత్రికకు 1967 నుంచి బొమ్మలు వేసిన ఎమరీ డగ్లస్ పోస్టర్లు వీధి గోడలనే గ్యాలరీలుగా మార్చాయి. ఆ పాంథర్ల పేరుతోనే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్ పుట్టింది.

నాగపూర్‌కు చెందిన సవి సావర్కర్ బరోడాలో ప్రింట్‌మేకింగ్ చదివిన దళిత చిత్రకారుడు. మెడలో ముంత వేలాడుతున్న అంటరాని మనిషిని, దేవదాసీని, వాళ్ల పక్కన పురోహితుడిని ఆయన ఎచింగ్‌లలో పదేపదే చెక్కాడు. గమనించండి, రాగి రేకు మీద ఆమ్లం కొరికిన గీత చెరిగిపోదు. ముంత కట్టించిన చరిత్రను మరిచిపోయిన వాళ్లకు ఆ ముంతను ప్రతి ప్రతిలోనూ చూపించే పద్ధతి అది. ఇక్కడే మట్టి, అచ్చు ఒకచోట కలుస్తాయి.

తెలుగు నేల నుంచి ఈ కళలో పెద్ద పేర్లే వచ్చాయి. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని అటెలియర్ 17లో పనిచేశాడు. సిరాల చిక్కదనంలో తేడాను వాడుకుని ఒకే రేకు మీద పలు రంగులు ఒకేసారి తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ తెలంగాణ పల్లె మనుషులను, మేకలను, చెట్లను ఎచింగ్‌లలోకి తెచ్చాడు. ఆయన మట్టితోనూ పనిచేశాడు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్‌లో పాఠాలు చెప్పాడు. కల్లుగీత కులం నుంచి వచ్చిన ఆయన చిత్రాల్లో ఊరు బయటి నుంచి చూసిన ఊరు కాదు. కానీ అదే విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో, వెలివేసిన విద్యార్థులు బ్యానర్ల మీద అచ్చేసిన ఫూలే, సావిత్రిబాయి, అంబేద్కర్ బొమ్మలతో వెలివాడ కట్టుకోవాల్సి వచ్చిందనేది కూడా చరిత్రే.

వరంగల్ నేల మీద ఇంతకుముందే ఉన్నది

కొత్త కళాకారులు వరంగల్ వచ్చేటప్పటికి ఇక్కడ బొమ్మ చెప్పే సంప్రదాయం వందల ఏళ్లుగా ఉంది. 2016లో జిల్లాల విభజన దాకా చేర్యాల వరంగల్ జిల్లాలోనే ఉండేది. చేర్యాల నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కులపురాణాలను పటాలుగా వేసేవాళ్లు. ఆ పటాలను కొనేది గుళ్లూ రాజులూ కాదు. కథ చెప్పే ఆశ్రిత కులాలు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం చెప్పేవాళ్లు. సృష్టికి ముందే పుట్టిన జాంబవుడి సంతతి మాదిగలు అని ఆ పురాణం చెప్తుంది. అంటరానివాళ్లని ముద్ర వేసిన సమాజంలో, మేము అందరికంటే ముందున్నవాళ్లం అని పటం విప్పి పాడటం చిన్న విషయం కాదు.

ఇవాళ మేళాలో చేర్యాల పని ఎక్కువగా గోడకు తగిలించే చిన్న బొమ్మలుగా, కొబ్బరి చిప్ప ముఖాలుగా దొరుకుతుంది. నకాషీలకు బతుకుదెరువు నిలబడింది, సంతోషం. చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పటం విప్పి పాడే డక్కలి ఎక్కడున్నాడు? బొమ్మకు గుర్తింపు వచ్చింది, కథకుడు దుకాణం బయటే ఉన్నాడు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవం ఒక్క మనిషితో ఆగిపోకుండా ఆ కులాల కళ మొత్తానికి చేరాలంటే మేళాల్లో వాళ్లకు చోటుండాలి.

వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. కొత్తవాడ నేతన్నల మగ్గాల మీద ఆ పేరు నిలబడింది. అయితే వరంగల్ సెంట్రల్ జైలులో ఖైదీలు కూడా దశాబ్దాల పాటు ఈ జంపఖానాలు నేశారు. ఆ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు. అక్కడ నేసినవాళ్ల పేర్లు ఏ జంపఖానా అంచు మీదా లేవు.

వరంగల్ జిల్లా పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య ఈ సంగతినే పిల్లల కోసం రాశారు. 2007లో వచ్చిన ఆయన పుస్తకం 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' కుమ్మరి, తోలు పని చేసేవాళ్లు, నేతగాళ్లు, చాకలి, మంగలి చేసే పనుల్లో ఉన్న విజ్ఞానాన్ని వివరిస్తుంది. శ్రమకు గౌరవం లేని చోట కళకు గౌరవం ఉండదనేది దాని సారాంశం. ఆ పుస్తకానికి బొమ్మలు వేసింది గోండు కళాకారిణి దుర్గాబాయి వ్యామ్. తర్వాత భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి అంబేద్కర్ జీవితం మీద 'భీమాయన' బొమ్మలు వేసింది కూడా ఆమే. ఆ పుస్తకాల మీద బొమ్మలు వేసినవాళ్ల పేర్లు స్పష్టంగా అచ్చయ్యాయి. చూడటానికి చిన్న మర్యాదే, కానీ చాలాచోట్ల ఇది దొరకదు.

డేవ్ అనే కుమ్మరి

పేరు ఎందుకంత ముఖ్యం? దీనికి జవాబు అమెరికా దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఎడ్జ్‌ఫీల్డ్ అనే చోట ఉంది. అక్కడ 19వ శతాబ్దంలో డేవ్ అనే బానిస కుమ్మరి పనిచేసేవాడు. స్వేచ్ఛ వచ్చాక డేవిడ్ డ్రేక్ అన్నారు. మాంసం నిల్వ చేసే పెద్ద పెద్ద జాడీలు చేసేవాడు. 1859లో చేసినవి 40 గ్యాలన్లు, అంటే దాదాపు 150 లీటర్లు పట్టేంత పెద్దవి. బానిసలకు చదువు చెప్పడాన్ని ఆ రాష్ట్రం 1834లో చట్టం చేసి నిషేధించింది. ఆ ఏడాదే డేవ్ ఒక జాడీ పచ్చిమట్టి మీద రెండు పాదాల పద్యం రాసి తేదీ వేశాడు. ఆ తర్వాత తన పేరు కూడా రాశాడు. దాదాపు ముప్పై ఏళ్ల పాటు అట్లా రాస్తూనే ఉన్నాడు.

మనిషే వేరొకరి ఆస్తి అయినప్పుడు, అతను చేసిన కుండ మీద అతని పేరు ఉండటం ఎంత పెద్ద తిరుగుబాటో ఆలోచించండి. కాల్చిన మట్టి మీద రాత మాసిపోదు. యజమానుల ఖాతా పుస్తకాల్లో వెల కట్టిన వస్తువుగా ఉన్న డేవ్, తన జాడీల మీద కవిగా మిగిలాడు. ఇవాళ అమెరికాలో పెద్ద మ్యూజియంలు ఆ జాడీలను గర్వంగా చూపించుకుంటున్నాయి.

చదువును నిషేధించడం, శ్రమను వాడుకోవడం, పేరును తుడిచేయడం. ఈ మూడూ మనకు కొత్త కాదు. మను ధర్మం పేరుతో ఇక్కడ జరిగిందీ అదే. మన గుళ్ల రాళ్లు కొట్టినవాళ్లు, మన కోటల ఇటుకలు కాల్చినవాళ్లు, చెరువుల కట్టలు పోసినవాళ్లు ఎవరని అడిగితే రాజుల పేర్లు చెప్తారు. ఇవాళ్టికీ తెలంగాణ ఇటుక బట్టీల్లో పశ్చిమ ఒడిశా నుంచి అడ్వాన్సు అప్పులతో వచ్చిన దళిత, ఆదివాసీ కుటుంబాలు మట్టి పిసుకుతున్నాయి. వెట్టిచాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసింది. మట్టి పని గురించి మాట్లాడేటప్పుడు ఆ కుటుంబాలను వదిలేసి స్టూడియో గురించే మాట్లాడితే కథ సగమే చెప్పినట్టు.

పథకాల జాబితాలో ఎవరున్నారు

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. 18 వృత్తులకు వర్తిస్తుంది. పనిముట్లకు రూ.15 వేలు, శిక్షణలో రోజుకు రూ.500 భృతి, 5 శాతం వడ్డీతో రెండు విడతల్లో మొత్తం రూ.3 లక్షల అప్పు ఇస్తారు. కుమ్మరి, చెప్పులు కుట్టేవాళ్లు, బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవాళ్లు జాబితాలో ఉన్నారు. అర్హులు తప్పకుండా వాడుకోవాలి. అయితే డప్పు తయారీ ప్రత్యేక వృత్తిగా ఆ 18లో లేదు. దండోరా ఉద్యమం 1994 నుంచి ఆత్మగౌరవ చిహ్నంగా నిలబెట్టిన వాయిద్యం అది. మేక తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, చెక్క చట్రానికి బిగించి, మంట దగ్గర కాచి శ్రుతి చేయడం ఏ కళకు తక్కువ? పటం కథకులు లేరు. ప్రింట్‌మేకర్లూ లేరు. పైగా వృత్తిని కుటుంబ సంప్రదాయంతో ముడిపెట్టే ఈ ఆలోచన దగ్గర మనం ఆగి ఆలోచించాలి. కుమ్మరి కొడుకు ఎచింగ్ నేర్చుకోవాలన్నా, మాదిగ బిడ్డ సిరామిక్ చేయాలన్నా దారి ఉండాలి. కులవృత్తికి గౌరవం అడగడమూ, కులవృత్తి నుంచి బయటపడే స్వేచ్ఛ అడగడమూ రెండూ మన హక్కులే. ఒకటి అడిగితే ఇంకొకటి వదులుకున్నట్టు కాదు.

మేళాల్లో స్టాలు దొరకాలంటే చాలాచోట్ల చేతివృత్తిదారు గుర్తింపు కార్డు అడుగుతారు. అది కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే కార్డు. డప్పు, తోలుబొమ్మ, బుట్టల పని చేసే మనవాళ్లు ఆ కార్డు తీసుకోవడం మొదటి అడుగు. పాతిక ఏళ్లుగా పని చేస్తున్నా కార్డు లేనందుకు మేళా బయట నిలబడేవాళ్లు మన చుట్టూ ఉన్నారు.

మనం చేయగలిగింది

ఎచింగ్‌కు ప్రెస్ కావాలి, సిరామిక్‌కు కొలిమి కావాలి. ఇవి ఒక్కరి వల్ల అయ్యేవి కావు. న్యూయార్క్‌లో నల్లజాతి కళాకారుడు రాబర్ట్ బ్లాక్‌బర్న్ 1940ల చివర్లో అందరికీ తలుపులు తెరిచిన ఉమ్మడి ప్రింట్ వర్క్‌షాపు పెట్టాడు. ప్రెస్ కొనలేని వందలమంది అక్కడ పని చేసుకున్నారు. వరంగల్‌లో అలాంటిది అసాధ్యం కాదు. జానపద, గిరిజన విజ్ఞానం కోసం తెలుగు విశ్వవిద్యాలయం పీఠం ఇక్కడే ఉంది, 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం ఉంది. ఒక ప్రెస్, ఒక కొలిమి అందరికీ అందుబాటులో పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

లినోకట్‌కైతే ప్రెస్ కూడా అక్కర్లేదు. ఒక లినో ముక్క, చెక్కే ఉలి, సిరా, కాగితం, వెనక నుంచి రుద్దడానికి ఒక చెంచా చాలు. సంక్షేమ హాస్టళ్లలో ఏప్రిల్ 14కు ఫ్లెక్సీ కొట్టించే బదులు పిల్లలతో అంబేద్కర్ బొమ్మ లినోకట్ చేయించి చూడండి. అచ్చు నుంచి కాగితం పైకి లేపినప్పుడు ఆ పిల్లల ముఖం చూడండి. కింద వాళ్ల పేరు వాళ్ల చేత్తో రాయించండి.

మేళాకు వెళ్లినప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుదాం. ఇది ఎవరు చేశారు? వాళ్ల పేరు ఎక్కడుంది? ఈ స్టాలు చేసినవాళ్లదా, కొని అమ్మేవాళ్లదా? ఈ కథ ఏ కులం కథ, ఆ కులంవాళ్లు ఇక్కడ ఉన్నారా? గేటు బయట బండి దగ్గర బేరం మానేద్దాం. ఆ అన్న పేరు అడుగుదాం. నిర్వాహకులను మాత్రం ఇంకో మాట అడగాలి. స్టాళ్లలో దళిత, ఆదివాసీ కళాకారులకు ఎన్ని కేటాయించారు? ప్రారంభోత్సవం రోజు డప్పు కొట్టించి పంపేస్తున్నారా, లేక డప్పు చేసినవాళ్లకు స్టాలు ఇస్తున్నారా?

కొత్త తరం సిరామిక్ కళాకారులు, ప్రింట్‌మేకర్లు మనకు శత్రువులు కాదు. వాళ్లలో చాలామంది ఈ ప్రశ్నలు వినడానికి సిద్ధంగానే ఉన్నారు. మనవాళ్లు కూడా వాళ్లలో పెరుగుతున్నారు. మట్టి ఎవరి సొత్తూ కాదు, సిరాకు కులం లేదు. కానీ కుండ మీద పేరు రాసుకునే హక్కు అందరికీ ఒకేలా దొరకలేదు. నూట తొంభై ఏళ్ల కింద డేవ్ నిషేధాన్ని లెక్కచేయకుండా పచ్చిమట్టి మీద రాశాడు. మన పిల్లలకు ఇప్పుడు అలాంటి నిషేధం లేదు. వాళ్ల చేతికి ఉలి, మట్టి అందించాల్సింది మనమే.